థర్డ్ పర్సన్: 'ఎస్' దగ్గర మొదలై కథ దాకా

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. 'హి, షి, ఇట్' వచ్చినప్పుడు క్రియకు 'ఎస్' చేర్చాలని తెలిసినా రాసేటప్పుడు ఎందుకు జారిపోతోంది? వ్యాసం థర్డ్ పర్సన్‌లో రాయమంటే 'ఐ' తీసేస్తే సరిపోతుందా? కథ థర్డ్ పర్సన్‌లో మొదలుపెట్టినా మధ్యలో 'ఐ' ఎందుకు దూరిపోతోంది?

చాలాకాలంగా ఇంగ్లీష్ పాఠాలు చెబుతున్నాను, విద్యార్థుల రాతలు దిద్దుతున్నాను. నేను గమనించినంతలో ఈ మూడింటికీ మూలం ఒకటే. ఈ వాక్యం ఎవరి గురించి, ఎవరి వైపు నుంచి అన్నది తేల్చుకోకుండానే రాయడం మొదలుపెడతాం. అది తేలితే నియమాల్లో సగం వాటంతటవే సర్దుకుంటాయి.

ముందు పేరు దగ్గరే ఉన్న ఒక చిక్కు విప్పుకుందాం. తెలుగు వ్యాకరణంలో అతడు, ఆమె, అది, వారు అనేవి ప్రథమ పురుష. నువ్వు, మీరు మధ్యమ పురుష. నేను, మేము, మనం ఉత్తమ పురుష. 'ప్రథమ' అంటే మొదటిదే కదా అని దాన్ని ఫస్ట్ పర్సన్ అనుకుంటే అంతా తలకిందులవుతుంది. ఇంగ్లీష్ వాళ్ల వరుస మాట్లాడే మనిషితో మొదలవుతుంది, సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న వరుస అటు చివర నుంచి మొదలవుతుంది. అంటే మన ప్రథమ పురుషే వాళ్ల థర్డ్ పర్సన్. బడిలో రెండు వ్యాకరణాలూ పక్కపక్కనే చదువుకునే పిల్లలు ఇక్కడ పొరబడటం చాలాసార్లు చూశాను.

థర్డ్ పర్సన్ అనగానే 'హి, షి, ఇట్, దే' అనే నాలుగు మాటలే గుర్తుకొస్తాయి. నిజానికి మాట్లాడేవాళ్లు, వినేవాళ్లు కాకుండా మిగిలిన ప్రపంచమంతా థర్డ్ పర్సనే. మనుషుల పేర్లు, వస్తువులు, ఆలోచనలు, పనులు అన్నీ అందులోకే వస్తాయి. 'స్విమ్మింగ్ హెల్ప్స్' అన్నప్పుడు ఈత కొట్టడం అనే పని కర్త. 'వాట్ షి సేస్ మేక్స్ సెన్స్' అన్నప్పుడు 'ఆమె చెప్పేది' అనే మొత్తం ముక్క కర్త. అందుకే అక్కడ 'మేక్స్' వచ్చింది. కానీ 'మై బ్రదర్ అండ్ ఐ' థర్డ్ పర్సన్ కాదు, అందులో నేనూ ఉన్నాను కాబట్టి అది 'వి'తో సమానం.

ఇక 'ఎస్' సంగతి. కర్తను బట్టి క్రియ మారడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు, వస్తాయి అని రోజంతా మారుస్తూనే ఉంటాం. మన క్రియే కర్తను చెప్పేస్తుంది కాబట్టి 'వచ్చాడు' అని ఊరుకున్నా వాక్యం పూర్తయిపోతుంది. పాత ఇంగ్లీష్‌లో కూడా ఇలాంటి ప్రత్యయాలు చాలానే ఉండేవి, కాలక్రమంలో ఒక్కొక్కటే రాలిపోయాయి. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్‌లో ఇంకా 'మేకెత్', 'గోయెత్' లాంటి రూపాలు కనిపిస్తాయి. ఉత్తర ఇంగ్లండ్ మాటతీరు నుంచి వచ్చిన 'ఎస్' ఆ 'ఎత్'ను పక్కకు నెట్టి నిలబడింది. మామూలు క్రియలకు ఈ రోజు మిగిలిన పురుష ప్రత్యయం అదొక్కటే. అది కూడా వర్తమానంలో, ఏకవచనంలో, థర్డ్ పర్సన్‌లో మాత్రమే.

చేర్చాల్సింది ఒక్క అక్షరమే అయినా జారిపోవడానికి కారణం ఉంది. ఆ 'ఎస్' కొత్త అర్థమేమీ ఇవ్వదు. 'షి వర్క్ హియర్' అన్నా ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది, ఎవరూ ఆపి అడగరు. అర్థం చెడని తప్పును చెవి పట్టుకోదు. అందుకే మాట్లాడేటప్పుడు జారినా మరీ బెంగపడొద్దని చెబుతాను, టెన్షన్ పడితే ఇంకా ఎక్కువ జారుతుంది. రాసేటప్పుడు మాత్రం వదలకూడదు, అక్కడ తిరిగి చూసుకునే తీరిక ఉంటుంది.

దీనికి తోడు నామవాచకానికి వచ్చే 'ఎస్' ఒకటి ఉంది. 'ద బాయ్ రన్స్', 'ద బాయ్స్ రన్'. ఒకటి ఇటు ఉంటే ఇంకోటి అటు ఉండదు. రెండుచోట్లా 'ఎస్' పెట్టినా, రెండుచోట్లా వదిలేసినా అనుమానపడాలి. అందరికీ వర్తించే సూత్రం కాకపోయినా, గబగబా సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

క్రియలో కాలం, ప్రశ్న, కాదనడం వేరే మాట మీదికి వెళ్తే 'ఎస్' కూడా ఆ మాట వెంటే వెళ్తుంది. 'షి నోస్' కాస్తా 'డజ్ షి నో', 'షి డజంట్ నో' అవుతుంది. 'షి డజంట్ నోస్' అంటే 'ఎస్' రెండుసార్లు చెప్పినట్టు. 'కెన్, విల్, మస్ట్, షుడ్' లాంటివాటికి 'ఎస్' తగలదు, వాటి తర్వాత వచ్చే క్రియకూ తగలదు. భూతకాలంలో 'వాజ్, వర్' తప్ప ఎక్కడా తేడా లేదు. 'హ్యావ్' అనేది 'హాజ్' అవుతుంది. 'సేస్' అని రాసినా పలికేది 'సెజ్' అని, ఈ ఒక్కటీ చెవికి అలవాటు చేసుకోండి.

అసలు కష్టం మరోచోట ఉంది. దాని మీద కొంచెం నిలబడదాం. 'పాత ఉత్తరాల పెట్టె మంచం కింద ఉంది' అనే వాక్యం చూడండి. తెలుగులో వర్ణన ముందు వస్తుంది, అసలు వస్తువు చివర వస్తుంది. 'పాత ఉత్తరాల' అన్నాక 'పెట్టె' వచ్చింది. ఇంగ్లీష్‌లో ఇది 'ద బాక్స్ ఆఫ్ ఓల్డ్ లెటర్స్ ఈజ్ అండర్ ద బెడ్' అవుతుంది. అసలు వస్తువు ముందే వచ్చేసి, క్రియ పక్కన 'లెటర్స్' కూర్చుంది. చివర వచ్చిన మాటే అసలు మాట అనుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. దాంతో 'లెటర్స్' చూసి 'ఆర్' రాసేస్తాం. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్ దేర్' అని రాసేదీ ఇందుకే. అక్కడ ఉంటున్నది 'ఫ్రెండ్స్' కాదు, వాళ్లలో ఒకరు. కాబట్టి 'లివ్స్'.

ఇంగ్లీష్ వాక్యంలో 'ఆఫ్, ఇన్, విత్, ఫ్రమ్' లాంటి మాట కనిపిస్తే దాని ముందున్న నామవాచకాన్ని పట్టుకోండి, తర్వాతది వదిలేయండి. 'ద క్వాలిటీ ఆఫ్ ద పిక్చర్స్' అంటే 'క్వాలిటీ'. 'ద మ్యాన్ విత్ త్రీ డాగ్స్' అంటే 'మ్యాన్'. నేను దిద్దే రాతల్లో క్రియ తప్పులు ఎక్కువగా ఇక్కడే దొరుకుతాయి. 'హి గో' లాంటివి బాగా తక్కువ.

ఈ పద్ధతికి లొంగని కొన్నిటిని గుర్తుపెట్టుకోక తప్పదు. 'ఎవ్రీవన్, ఈచ్, నోబడీ' వినడానికి ఎందరినో చెప్పినట్టున్నా ఏకవచనాలే. 'ద న్యూస్', 'మ్యాథమెటిక్స్' కూడా అంతే. 'టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వాక్' అన్నప్పుడు పదింటినీ కలిపి ఒకే దూరంగా చూస్తున్నాం. 'పోలీస్' ఎప్పుడూ 'ఆర్'. 'ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్' అంటాం గానీ 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్' అంటాం, ఎందుకంటే మొదటిదాంట్లో మాట సంఖ్య గురించి, రెండోదాంట్లో చాలామంది విద్యార్థుల గురించి. 'టీమ్, కమిటీ' లాంటివి అమెరికాలో దాదాపు ఎప్పుడూ ఏకవచనమే. బ్రిటన్‌లో లోపలి మనుషులు మనసులో ఉంటే బహువచనం కూడా వాడతారు. రెండింట్లో ఏదైనా ఎంచుకోండి, ఒకే వ్యాసంలో రెండూ కలపకండి.

'ద డాక్టర్ సజెస్టెడ్ దట్ హి టేక్ రెస్ట్' అని ఎక్కడైనా కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. సలహా, డిమాండ్ చెప్పే క్రియల తర్వాత 'ఎస్' లేని ఈ రూపం సరైనదే.

సర్వనామాల దగ్గర మన మర్యాద మనల్ని ఇరికిస్తుంది. ఒక్క మనిషినే 'వారు', 'వచ్చారు' అనడం మనకు సహజం. ఆ గౌరవం మనసులో ఉండి 'అవర్ ప్రిన్సిపాల్ సెడ్ దే విల్ కమ్' అని రాస్తే, చదివేవాళ్లు వేరే ఎవరో కొందరు వస్తున్నారు అనుకుంటారు. ఇంగ్లీష్ సర్వనామంలో గౌరవానికి చోటు లేదు. 'హి' అన్నా 'షి' అన్నా అమర్యాద కాదు, నిశ్చింతగా రాయండి. మనిషి ఎవరో, ఆడో మగో తెలియనప్పుడు మాత్రం ఒక్కరికే 'దే' వాడొచ్చు: 'ఇఫ్ సమ్‌వన్ కాల్స్, టెల్ దెమ్ ఐ యామ్ అవుట్'. ఇది ఈమధ్య పుట్టిన ఫ్యాషన్ అని కొందరు కొట్టిపారేస్తారు గానీ, 14వ శతాబ్దం నుంచే ఈ వాడుక రాతలో ఉంది. పరిశోధన పత్రాలకు చాలామంది పాటించే ఏపీఏ శైలి 2019లో వచ్చిన ఏడో కూర్పులో దీన్ని సమర్థించింది. ఒక్కరి గురించే అయినా 'దే' పక్కన క్రియ 'ఆర్' అనే ఉంటుంది, 'దే ఈజ్' అనకూడదు.

అదే దారిలో ఇంకో పెద్ద చిక్కు, ఒకరి మాటను ఇంకొకరు చెప్పడం. 'నేను రేపు వస్తాను అని సీత చెప్పింది' అనేది చక్కటి తెలుగు. దాన్ని మక్కీకి మక్కీ దించితే 'సీత సెడ్ ఐ విల్ కమ్ టుమారో' అవుతుంది. కొటేషన్ గుర్తులు లేకుండా ఇలా రాస్తే వచ్చేది సీత కాదు, రాసినవాళ్లు! 'సీత సెడ్ దట్ షి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే' అనాలి. సీత నోట్లోని 'నేను'ను మన వైపు నుంచి చూస్తే 'ఆమె' అవుతుంది. అలాగే ఆమె 'రేపు' మనకు 'ఆ మర్నాడు' అవుతుంది. పిల్లలు దీన్ని ఒక పట్టికలాగా బట్టీ పడతారు. ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారో ఊహించుకుంటే పట్టిక అవసరం పెద్దగా ఉండదు.

ఇంగ్లీష్‌కు లేని ఒక సౌకర్యం మనకుంది. 'తను పాసయ్యానని రవి సురేశ్‌తో చెప్పాడు' అంటే పాసైంది రవి. 'అతను పాసయ్యాడని రవి సురేశ్‌తో చెప్పాడు' అంటే పాసైంది సురేశ్, లేదా ఇంకెవరో. ఇంగ్లీష్‌లో రెండింటికీ 'రవి టోల్డ్ సురేశ్ దట్ హి హాడ్ పాస్డ్' అనే ఒక్క వాక్యమే. మన తలలో 'తను' వినిపిస్తూ ఉంటుంది కాబట్టి రాసిన మనకు అంతా స్పష్టంగానే ఉన్నట్టు అనిపిస్తుంది, చదివేవాళ్లే చీకట్లో ఉంటారు. ఇద్దరు మగవాళ్లు గానీ ఇద్దరు ఆడవాళ్లు గానీ ఒకే పేరాలో ఉంటే ప్రతి 'హి' దగ్గరా, ప్రతి 'షి' దగ్గరా ఆగి ఎవరో చూడండి. తేలకపోతే పేరు మళ్లీ రాయండి, లేదా 'రవి గేవ్ సురేశ్ ద న్యూస్ ఆఫ్ హిజ్ ఓన్ సక్సెస్' అని వాక్యాన్నే మార్చండి. పేరు రెండుసార్లు వస్తే వికారంగా ఉంటుందని 'ద టాల్ మ్యాన్', 'ద యంగ్ ఇంజినీర్' అంటూ మార్చి మార్చి రాసేవాళ్లున్నారు. నాకైతే అది అస్సలు నచ్చదు. చదివేవాళ్లు కొత్తగా మూడో మనిషి వచ్చాడనుకుంటారు.

వ్యాసం విషయానికి వస్తే, 'ఐ' తీసేయడం ఒక్కటే సరిపోదు. ఒక విద్యార్థి రాసిన వాక్యం లాంటిది చూద్దాం: 'ఐ థింక్ చిల్డ్రన్ షుడ్ నాట్ యూజ్ ఫోన్స్ ఎట్ నైట్ బికాజ్ యు విల్ లూజ్ యువర్ స్లీప్'. ఇందులో ఫస్ట్, సెకండ్, థర్డ్ మూడూ ఉన్నాయి. ఫోన్ వాడేది పిల్లలు, నిద్ర పోగొట్టుకునేది చదివే మనిషి! 'ఐ థింక్' తీసేసినా ఆ గందరగోళం అలాగే ఉంటుంది. మాట ఎవరి గురించి? పిల్లల గురించి. వాళ్లనే చివరిదాకా పట్టుకుంటే 'చిల్డ్రన్ హూ యూజ్ ఫోన్స్ ఎట్ నైట్ లూజ్ స్లీప్' అని వస్తుంది. చిన్నదైంది, నిక్కచ్చిగా ఉంది, బహువచనం కాబట్టి 'హి ఆర్ షి' అన్న తంటా కూడా తప్పింది.

'ఐ' వద్దన్నారు కదా అని 'ఇట్ ఈజ్ ఫెల్ట్ దట్', 'ఇట్ ఈజ్ బిలీవ్డ్ దట్' అని మొదలుపెట్టేవాళ్లు చాలామంది. ఎవరికి అనిపించింది? ఎవరు నమ్మారు? మనిషి మాయమై అభిప్రాయం గాల్లో మిగిలింది. అభిప్రాయానికి ఆధారం ఉంటే దాన్నే కర్తగా పెట్టండి: 'ద రిజల్ట్స్ షో', 'ద లెటర్స్ సజెస్ట్'. మీరు స్వయంగా చేసిన ప్రయోగం గురించి రాస్తుంటే 'ద ఆథర్' అని మిమ్మల్ని మీరే దూరం నెట్టుకోవాల్సిన పనీ లేదు. ఇందాక చెప్పిన ఏపీఏ శైలి అక్కడ 'ఐ' గానీ 'వి' గానీ వాడమనే అంటుంది. అయితే మీ టీచరు గానీ పత్రిక గానీ వద్దంటే వాళ్ల మాటే చెల్లుతుంది. 'వన్ షుడ్ రెస్పెక్ట్ వన్స్ టీచర్స్' లాంటి 'వన్' తప్పు కాదు, కానీ రెండు వాక్యాలకు మించి లాగితే బిగుసుకుపోతుంది.

మీ గురించి నలుగురికీ పరిచయం చేసే నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం థర్డ్ పర్సన్ బాగుంటుంది: 'షి టీచెస్ ఫిజిక్స్'. రెజ్యూమేలో అలా కాదు. అక్కడ కనబడకుండా ఉన్న కర్త 'ఐ', అందుకే ఇప్పటి ఉద్యోగం కింద 'మేనేజెస్ ఎ టీమ్' అని కాకుండా 'మేనేజ్ ఎ టీమ్' అని రాస్తారు.

ఇక కథ. నాకు బాగా ఇష్టమైన చోటు ఇది. థర్డ్ పర్సన్‌లో కథ చెప్పే తీర్లు మూడని సాధారణంగా చెబుతారు. అందరి మనసులూ తెలిసిన గొంతు ఒకటి. ఒక్క పాత్ర వెంటే ఉండి, ఆ పాత్రకు తెలిసినంతే చెప్పేది మరొకటి. ఎవరి మనసులోకీ వెళ్లకుండా కనిపించేది, వినిపించేది మాత్రమే చెప్పేది ఇంకొకటి. కొత్తగా రాసేవాళ్లకు నేను రెండోదే సూచిస్తాను. మీరు రాస్తున్నదీ అదేనని మీ ప్రశ్నను బట్టి అనిపిస్తోంది.

ఒక దృశ్యం తీసుకుందాం. కథ సుజాతది. 'సుజాత ఓపెన్డ్ ద డోర్. రాజు స్టుడ్ దేర్, అఫ్రెయిడ్ ఆఫ్ వాట్ షి వుడ్ సే. హర్ చీక్స్ టర్న్డ్ రెడ్.' వ్యాకరణం ప్రకారం ఒక్క తప్పూ లేదు. కానీ రాజు లోపల భయపడుతున్నాడని సుజాతకు ఎలా తెలిసింది? తన బుగ్గలు ఎర్రబడటం తనకే ఎలా కనిపించింది? మొదటి వాక్యంలో ఆమెతో ఉన్నాం, రెండో వాక్యంలో రాజు తలలోకి దూరాం, మూడోదానికి గది మూలన నిలబడి ఆమె ముఖం చూస్తున్నాం. ఇలా మార్చి చూడండి: 'రాజు స్టుడ్ దేర్, ట్విస్టింగ్ హిజ్ క్యాప్. హర్ చీక్స్ బర్న్డ్.' టోపీ నలపడం ఆమెకు కనిపిస్తుంది, భయం చదివేవాళ్లకు అందుతుంది. బుగ్గల వేడి ఆమెకు తెలుస్తుంది, రంగు తెలియదు.

ఇంకో మెట్టు పైకి వెళ్తే 'షి థాట్', 'షి ఫెల్ట్', 'షి సా' కూడా చాలాచోట్ల తీసేయొచ్చు. 'షి వండర్డ్ వై హి వాజ్ లేట్' బదులు 'వై వాజ్ హి లేట్? హి వాజ్ నెవర్ లేట్' అని రాస్తే సర్వనామం, కాలం థర్డ్ పర్సన్ కథకు తగినట్టే ఉన్నాయి, గొంతు మాత్రం ఆమెది. తెలుగు కథల్లోనూ 'ఇంత ఆలస్యం ఎందుకైంది? ఎప్పుడూ ఇలా చేయడే!' అని వచ్చినప్పుడు అది పాత్ర అనుకుంటున్న మాట అని మనకు చెప్పకుండానే తెలుస్తుంది.

మీ కథలో మధ్యలో 'ఐ' దూరడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. దృశ్యం వేడెక్కి మీరు పాత్రకు బాగా దగ్గరైనప్పుడు అలా జరుగుతుంది. అది మంచి సూచనే, దాన్ని అణచకండి. ఆ పేరాను కావాలనే మొత్తం 'ఐ'తో రాసేయండి. తర్వాత 'ఐ'ని 'షి'గా, 'మై'ని 'హర్'గా మార్చండి. భావం చెడకుండా కుదిరితే మీరు సుజాత వెంటే ఉన్నట్టు. ఇదే పరీక్షను అటువైపు నుంచీ చేయొచ్చు. 'షి' ఉన్న పేరాలో 'ఐ' పెట్టి చదవండి. 'మై చీక్స్ టర్న్డ్ రెడ్' దగ్గర నాలుక తట్టుకుంటుంది. తట్టుకున్న ప్రతిచోటా ఆమెను వదిలి బయటకు వచ్చేశారన్నమాట.

సాధన కోసం ఇంట్లో ఒకరిని ఎంచుకోండి. వాళ్లు పొద్దున లేచినప్పటి నుంచి చేసే పనులు పది వాక్యాల్లో 'షి' లేదా 'హి'తో రాయండి. చాలామంది తమ గురించే రాస్తారు, అందులో 'ఎస్' అవసరమే రాదు. రాశాక పైకి చదువుతూ ప్రతి క్రియ కింద గీత పెట్టి, దాని కర్త ఏదో వేలితో చూపించండి. తర్వాత అవే పది వాక్యాల్ని ఇద్దరి గురించి అయినట్టు 'దే'తో రాయండి, ఆ తర్వాత నిన్న జరిగినట్టు రాయండి. 'ఎస్' ఎక్కడ పుడుతోందో, ఎక్కడ పోతోందో మీకే కనిపిస్తుంది. అవే వాక్యాల్లో ఒకదాన్ని తీసుకుని, ఆ మనిషి ఆ క్షణంలో ఏం చూసి ఉంటారో, ఏం విని ఉంటారో దానికి చేరిస్తే కథ రాయడం మొదలైనట్టే. రాసింది ఇక్కడ పెడితే నేనూ చూసి చెబుతాను.